తూచని గొర్రెపిల్లలు

ఫిబ్రవరి 4, 2007, ఆదివారం

ఈ నోటుబుక్కు ఎవరికీ చూపించను. షాపులో మిగిలిన కాగితాలు కుట్టి నేనే చేసుకున్నాను. "నీ కోపం కస్టమర్ల మీద చూపించద్దురా ఓబులేసూ, యాడన్నా రాసుకో పో" అన్నాడు మా ఓనరు వెంకటేశ్వర్లన్న. అందుకని రాస్తున్నాను. ఇరవై రెండేళ్ళు వచ్చాయి నాకు. డిగ్రీ మధ్యలో ఆపేశాను. నేను చదివిందంతా కరపత్రాలూ, బస్టాండు దగ్గర చాప మీద అమ్మే చిన్న పుస్తకాలూ. అవి చాలు. పెద్ద పుస్తకాలు రాసేవాళ్ళను ప్రశ్నించడానికి అవే చాలు.

ఇవాళ మా కల్లూరు డి.టి.పి. షాపుకు అట్లాంటి పెద్ద పుస్తకం ఒకటి వచ్చింది. రాసింది డాక్టర్ రాఘవేంద్రప్రసాద్. మనుషుల డాక్టరు కాదు, గొర్రెల శాస్త్రం చదివిన మనిషి. వెటర్నరీ కాలేజీలో ఇరవై మూడేళ్ళు పాఠాలు చెప్పాడు. గవర్నమెంటులో పన్నెండేళ్ళు పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. రెండేళ్ళ కింద రిటైరయ్యాడు. తన ఉద్యోగ జీవితమంతా రాస్తున్నాడట, టైపు చేయాలట. చేతులు వణుకుతాయి. అక్షరాలు వానలో తడిసి చెల్లాచెదురైన చీమల్లా ఉన్నాయి.

"అర్థం కాకపోతే ఇంటికి రా అప్పా, నేను చదువుతా, నువ్వు రాసుకుందువు" అన్నాడు.

పెద్ద ఆఫీసర్ల ఇళ్ళకు పోవడం నాకు ఇష్టం ఉండదు.

ఫిబ్రవరి 9

పోయాను. అక్షరాలు నిజంగానే అర్థం కాలేదు.

ఫిబ్రవరి 16, శుక్రవారం

నాలుగు అధ్యాయాలయ్యాయి. కాలేజీ ప్రిన్సిపాళ్ళ పేర్లు మరిచిపోయి ఖాళీ వదిలాడు కానీ, 1971లో తాను మొదటిసారి పురుడు పోసిన గొర్రె చెవి నంబరు మాత్రం రాశాడు. ఆయన భార్య సుబ్బరత్నమ్మ గారు కాఫీ తెచ్చి నాతో చెప్పింది:

"ఈయనకు గొర్రెలు ఈనిన తేదీలన్నీ నోటికొచ్చు నాయనా. మా పెండ్లయిన తేదీ అడుగు, బీరువాలో శుభలేఖ ఎతుకుతాడు."

"ఎండాకాలం, మే నెల" అన్నాడు ఆయన.

"జూను."

"మేలో మొదలుపెట్టినారులే, జూన్లో అయింది."

నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు. వచ్చేటప్పుడు ఆమె మందుల చీటీ నా చేతిలో పెట్టింది. మెడికల్ షాపు నాకు దారే కాబట్టి తీసుకున్నాను. ఇది జాలి కాదు.

ఫిబ్రవరి 21

ఐదో అధ్యాయం. టైపు మధ్యలో ఆపేసి ఇది రాస్తున్నాను.

1977లో ఈ మనిషి పి.హెచ్.డి. కోసం కోడుమూరు చుట్టుపక్కల ఆరు ఊర్లు తిరిగి, మూడు నెలల గొర్రెపిల్లలను స్ప్రింగు త్రాసుకు వేలాడదీసి తూచాడు. ఆరింటిలో రెండోది మా ఊరు. పిల్లల సగటు తూకం ఎనిమిది కేజీల వంద గ్రాములు. "కనుక ఈ ప్రాంతపు గొర్రె ఎదుగుదల తక్కువ, నాసిరకం" అని రాశాడు. దానికి బంగారు పతకం. ఆ థీసిస్ పట్టుకుని 1994లో తానే గవర్నమెంటుకు నోటు పెట్టాడు, ఇక్కడి గొర్రెల్లో విదేశీ సంకరం కలపాలని.

ఆ నోటు ఇంకా చావలేదు! మొన్న సంక్రాంతి తర్వాత మా ఊరి గొర్రెల సంఘం పెద్ద బొజ్జన్న చిన్నాయన చెప్పిన స్కీము అదే. వానాకాలం లోపల ఊరికి పది సంకర పొట్టేళ్ళు ఇస్తారట. అవి దిగే ముందు ఊర్లో ఉన్న మన పొట్టేళ్ళకన్నిటికీ పట్టకారుతో విత్తులు నొక్కేయాలట. అంటే మా అవ్వ పెంచిన కరియకు కూడా. నాయన, అమ్మ బెంగుళూరులో కూలికి పోయాక అవ్వ మాట్లాడేది ఆ నల్ల పొట్టేలుతోనే.

నేను ఈయనకు మందులు తెచ్చి ఇచ్చాను.

ఫిబ్రవరి 22

కరపత్రం రాస్తాను.

ఫిబ్రవరి 25, ఆదివారం

రెండు వందలు వేశాను. ఒకవైపే అచ్చు. పైన పెద్దక్షరాలు: "గొర్రెల డాక్టరూ, జవాబు చెప్పు!" లోపల: "మా గొర్రెను నాసిరకమని రాసి నువ్వు మెడలో పతకం వేసుకున్నావు. మా కరియకు పట్టకారు వేస్తున్నావు. నూరు పిల్లలను తూచి లక్ష గొర్రెల తలరాత రాసే హక్కు నీకెవరిచ్చారు?"

కల్లూరు ఆటోస్టాండులో నూట అరవై పంచాను. చదివినవాళ్ళు ముగ్గురు. ఒకాయన బజ్జీలు చుట్టించుకున్నాడు. అయినా మనసు తేలికైంది.

ఎక్కువ తేలిక కాలేదు.

ఫిబ్రవరి 27

డాక్టరు షాపుకు వచ్చాడు. చేతిలో నా కరపత్రం. దాని మీద నూనె మరక. నేను లేచి నిలబడ్డాను, ఏదన్నా అంటే అనేద్దామని మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి.

"మూడో పేరాలో తప్పుండాదప్పా" అన్నాడు. "నూరు పిల్లలు అని రాసినావు. నేను తూచింది రెండు వందల పద్నాలుగు. తక్కువ చేసి రాస్తే నీ వాదనే బలహీనపడతాది."

పెన్సిలుతో దిద్ది తెచ్చాడు. వణికే చేత్తో.

"నేనే రాసినానని మీకెవరు చెప్పినారు?"

"కరియ అని పేరుండాది కదా. ఆ పేరు నువ్వు మా ఇంట్లో మూడుసార్లు చెప్పినావు. మా ఆయమ్మ కూడా అడుగుతాంటుంది, కరియ బాగుండాడా అని."

నేనెప్పుడు చెప్పాను? గుర్తు లేదు. చెప్పే ఉంటాను.

"దీన్ని గూడ పుస్తకం చివర్లో చేర్చు" అని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. తిడితే బాగుండేది.

మార్చి 3

ఏడో అధ్యాయం. ఇది ముందే చదివి ఉంటే బాగుండేది.

1996లో ఆయన కడప జిల్లాలో ఒక గొర్రెల ఫారానికి అధికారి. తన నోటు ప్రకారం పుట్టిన మొదటి సంకర పిల్లలు అక్కడే పెరిగాయి. మే నెల ఎండకు నోరు తెరిచి రొప్పుతుంటే గోనెసంచులు తడిపి కప్పాడట, రోజుకు నాలుగుసార్లు. నూట ఇరవైలో ముప్పై ఒకటి మిగిలాయి. పక్క ఊరి మంద, నాసిరకం అని తాను రాసిన గొర్రెలే, అదే ఎండలో ఫారం కంచె బయట తుమ్మకాయలు ఏరుకుని తింటున్నాయి.

ఆ పేజీలో చివరి వాక్యం: "నా లెక్క ఎక్కడో తప్పింది. ఎక్కడో పదకొండేళ్ళుగా వెతుకుతున్నాను."

స్కీము ఆపమని అప్పట్లోనే పైకి రాశాడట. "మీ అంకెలే కదా సార్ ఇవి, కొత్త అంకెలుంటే తెండి" అని జవాబు వచ్చిందట. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆ అంకెల చుట్టే తిరిగాడు. కూడికలు మళ్ళీ వేశాడు. త్రాసు మళ్ళీ పరీక్ష చేయించాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

పుస్తకం గొప్ప కోసం రాస్తున్నాడనుకున్నాను. తప్పు దొరుకుతుందేమోనని రాస్తున్నాడు.

మార్చి 6

హైదరాబాదు నుంచి ఆయనకు ఉత్తరం. ఏప్రిల్ 12న స్కీము కమిటీ. పాత నిపుణుడిగా వచ్చి అభిప్రాయం చెప్పాలి. ఆ తర్వాత ఆర్డర్లు. అంటే కరియకు ఇంకా అయిదు వారాలు.

"ఏం చెప్తారు?" అని అడిగాను.

"తప్పు అని తెలుసు, యాడ తప్పో తెలీదు అని చెప్తే కమిటీ వింటాదా?"

"మా ఊరికి రండి" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. మా గొర్రెల ముందు నిలబెట్టి సిగ్గుపడేట్టు చేయాలని, అంతే.

మార్చి 11, ఆదివారం

షేర్ ఆటోలో, తర్వాత కోడుమూరు బస్సులో తీసుకెళ్ళాను. దొడ్డి దగ్గర రాళ్ళ గట్టు దాటేటప్పుడు చెయ్యి పట్టుకున్నాను. పడితే నా మీదికి వస్తుందని. ఇది జాలి కాదు.

అవ్వ చేటలో జొన్నలు చెరుగుతోంది. కళ్ళు చికిలించి చూసింది.

"ఎవరప్పా ఈయప్ప? యాడనో చూసినట్టుండాది."

"శానా ఏండ్ల కింద వచ్చింటినమ్మా. గొర్రెపిల్లలు తూచడానికి."

"అయ్యో సామీ! నువ్వా? అప్పుడు వెదురుబద్ద మాదిరి ఉంటివి! మజ్జిగ రెండు చెంబులు తాగితివి, మళ్ళ అడగడానికి సిగ్గుపడితివి." చేట పక్కన పెట్టింది. "కూర్చో సామీ, కూర్చో. హులిగెమ్మ అంటారు నన్ను. ఇంతకాలానికి గుర్తొచ్చినామా?"

ఆయన కూర్చున్నాడు. అంతలో దొడ్లోంచి అవ్వ పెంచే పిల్ల ఒకటి గెంతుకుంటూ వచ్చింది. డిసెంబరులో పుట్టింది, కరియ పిల్లే. ఆయన దాన్ని చూసి లేచాడు.

"ఎన్ని నెలలది?"

"మూడు పడింది."

"మూడు నెలల పిల్ల ఇంతుండదే! నేను తూచినవన్నీ ఇంతింతే ఉండె" అని మోకాటి కింద చెయ్యి పెట్టి చూపాడు.

అవ్వ నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేకపోయింది.

"ముసిలిదాన్నయితిని, ఇంక దాచి ఏం జేసుకునేది! సామీ, నీకు ఉత్త బక్క పిల్లల్నే చూపిస్తిమి. మేలు పిల్లల్ని ఇండ్లల్లో గంపల కింద మూసి పెడితిమి. తూకమేస్తే పిల్లకు దిష్టి తగుల్తాది. ఇంగోటి, బాగుండేవి చూస్తే సర్కారోళ్ళు తోలకపోతారని మా ఇంటాయప్ప ఊరందరికీ చెప్పిపెట్టె."

మా తాత.

"అదో, ఆ మూలనే" అని అవ్వ పంచలో చెయ్యి చూపింది. "బోర్లించిన గంప మీద పుస్తకం పెట్టుకోని రాసుకుంటివి కదా? దాని కిందనే ఉండె మా మేలు పిల్ల! పాలు కడుపునిండా తాపి మూసింటిమి. ఒగసారి కదిలె గూడా. గంప ఊగుతాందని నువ్వు కాలు అడ్డం పెట్టుకుంటివి. నాకైతే గుండె ఆగిపోయె."

ఆయన ఆ మూలకు పోయి నిలబడ్డాడు. కోపం వస్తుందనుకున్నాను. ఏడుస్తాడనుకున్నాను. జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

"ఎన్ని పిల్లలమ్మా? గుర్తుండాయా? ఎన్ని గంపలు?"

అవ్వ వేళ్ళు మడుస్తూ చెప్పింది. మావి ఐదు, బొజ్జన్నోళ్ళవి ఏడు, పైవీధిలో పది. ఆయన చెయ్యి వణికి పెన్సిలు జారిపోతుంటే నేను తీసుకుని రాశాను.

బస్సులో ఒక్క మాటే అన్నాడు. "త్రాసు మంచిదే. నేను చెప్పలేదా, త్రాసు మంచిదేనని?" ముప్పై ఏళ్ళ బరువు దించుకున్న మనిషిలా కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు.

మార్చి 12

"గొర్రెల డాక్టరూ, జవాబు చెప్పు." జవాబు మా పంచలో గంప కింద ఉంది. మూసింది మా తాత.

మిగిలిన నలభై కరపత్రాలు చింపేద్దామని తీశాను. వెనకవైపు తెల్లగా ఉన్నాయి. కాగితం వృథా చేయడం తప్పు. అంతే.

మార్చి 18, ఆదివారం

అంతా నేనే చెడగొట్టాను.

ఏప్రిల్ 12 లోపల మళ్ళీ తూచాలి, ఈసారి మేలు పిల్లలతో సహా. అంకెకు జవాబు అంకెతోనే చెప్పాలంటాడు ఆయన. ఊర్లో గొర్రెలున్న వాళ్ళందరినీ బొజ్జన్న చిన్నాయన తన పంచలో కూర్చోబెట్టాడు. డాక్టరు నెమ్మదిగా చెప్తున్నాడు, వాళ్ళు వింటున్నారు.

"అట్లయితే బక్కవి తెస్తాములే సారూ" అన్నాడు చిన్నాయన. "మేలు పిల్లలు మాత్రం వద్దు. పోయినేడు పిల్ల బాగుండాదని ఎవడో నోరు జారె, మూన్నాళ్ళకు సచ్చె."

నేను లేచాను. దిష్టి లేదు, మూఢనమ్మకం ఉంది, దాని వల్లే మీరు ఇట్లా ఉన్నారు, మీ అజ్ఞానమే మీ పొట్టేళ్ళకు పట్టకారు అన్నాను. ఇంకా చాలా అన్నాను. కరపత్రంలా మాట్లాడాను.

"ముగించినావా?" అన్నాడు చిన్నాయన. "నీ పుట్టెంటికలు తీసిన పొద్దు నీ బుగ్గన నల్లచుక్క పెట్టింది నేనే లేరా. ఆ చుక్కతోనే ఇంత పెద్దోనివి అయినావు. లేయండప్పా, పనులుండాయి."

అందరూ వెళ్ళిపోయారు.  దారిలో డాక్టరు మజ్జిగ తాగుదామా అని అడిగాడు.

మార్చి 20, ఉగాది

పచ్చడి తినడానికి ఊరికి వచ్చాను. అవ్వతో మాట్లాడకుండా కూర్చున్నాను. తనే మొదలుపెట్టింది.

"తూకం తప్పు కాదురా. నోరు తప్పు. పిల్లను కొక్కేనికి వేలాడదీసి, పదీ పదకొండూ అని ఊరంతా ఇనేట్టు అరిస్తే దిష్టి తగలదా? కొక్కెం వద్దు. నా కోక ఇస్తా, ఉయ్యాల మాదిరి కట్టండి. చెవి ఎనక మసిచుక్క పెట్టండి. అంకె నోటితో పలకద్దండి. కండ్లతో చూసి రాసుకోండి. అట్లయితే బొజ్జన్నకు నేను చెప్తా."

"అది శాస్త్రం కాదవ్వా."

"ఆ సామిని అడుగు పో."

కోడుమూరుకు పోయి ఎస్.టి.డి. బూతు నుంచి ఫోను చేసి అడిగాను. ఆయన వెంటనే చెప్పాడు: "అంకె పలికితే ఎక్కువ తూగుతాదా, పలకకపోతే తక్కువ తూగుతాదా? ఆయమ్మ చెప్పినట్టే చేద్దాం. నాకు పిల్లలు బయటికి రావాల, అంతే."

మార్చి 25, ఆదివారం

తెల్లవారి ఆరింటికి మొదలు. పాత స్ప్రింగు త్రాసును మా పంచ దూలానికి కట్టాం. దానికి అవ్వ నీలం కోక ఉయ్యాల. సుబ్బరత్నమ్మ గారు కూడా వచ్చింది, పెండ్లయి ముప్పై ఆరేళ్ళలో ఈయన పని చేసే చోటు ఇదే మొదటిసారి చూడ్డమట.

మొదటి పిల్లను అవ్వే తెచ్చింది. మసిచుక్క పెట్టి, కోకలో పండుకోబెట్టి, నడుము మీద రెండుసార్లు తట్టింది. ముల్లు ఆగింది. మామూలుగా ఆయన అంకె పలికితే నేను రాయాలి. ఇవాళ పలకకూడదు, ఆయన రాయలేడు. కాబట్టి చూడ్డమూ నేనే, రాయడమూ నేనే. రాసి ఆయనకు చూపించాను. ఆయన ముల్లు చూశాడు, కాగితం చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తల ఊపాడు.

ముప్పై ఏళ్ళ కింద గంప కింద కదిలిన పిల్లకు ఇది ఎన్నో తరమో లెక్క వేశానని తర్వాత చెప్పాడు. పన్నెండో, పదమూడో అట.

రెండు గంటలసేపు అవ్వ పిల్లలు, పక్కింటి పిల్లలు. తర్వాత వీధి మలుపులో బొజ్జన్న చిన్నాయన కనిపించాడు. చంకలో ఒక పిల్ల, వెనక ఇంకో పన్నెండు. నా ముందు నిలబడ్డాడు.

"నోరు మూసుకోనుంటావా?"

తల ఊపాను.

"పలక్కుండా తల ఊపినాడు! ఉగాది కొత్తేడు బాగుండాదప్పా!" అన్నాడు. అందరూ నవ్వారు.

చిన్నాయనను చూసి మిగతావాళ్ళూ తెచ్చారు. పన్నెండు గంటలకల్లా నూట ముప్పై ఒక్క పిల్ల. నా జన్మలో ఇంతసేపు మాట్లాడకుండా ఉన్నది ఇవాళే. తూకాలన్నీ నలభై కరపత్రాల వెనకవైపు రాశాను. సగటు పదకొండు కేజీల ఏడు వందల గ్రాములు.

ఏప్రిల్ 2

ఇంకో రెండు ఊర్లు. అవ్వ వెంట వస్తేనే పిల్లలు బయటికొస్తున్నాయి. మసి డబ్బా, నీలం కోక సంచిలో పెట్టుకుని ఆటోలో ముందు సీటులో కూర్చుంటోంది.

ఏప్రిల్ 7

ఆయనకు జ్వరం. త్రాసు నేనే తీసుకెళ్ళాను. ఆయన లేకుండా తూచడం బాగాలేదు.

ఏప్రిల్ 12, గురువారం, హైదరాబాదు

కాగితాలు మోయడానికి నన్ను లోపలికి రానిచ్చారు. కమిటీ అధ్యక్షుడు ఆయన కంటే చిన్నవాడు. ఒకప్పటి శిష్యుడట.

"సార్, మీ థీసిస్ మీరే తప్పంటున్నారా?"

"థీసిస్ తప్పు కాదప్పా. నేను తూచిన పిల్లలు నిజంగానే ఎనిమిది కేజీలే. తూచని పిల్లల గురించి చెప్పడానికి వచ్చినా."

గంప సంగతి చెప్పాడు. దాని మీదే పుస్తకం పెట్టి రాసిన సంగతి, ఊగుతోందని కాలు అడ్డం పెట్టిన సంగతి, ఏదీ దాచలేదు. ఒకరిద్దరు నవ్వారు. నాకు పిడికిళ్ళు బిగుసుకున్నాయి. ఆయన కూడా వాళ్ళతో పాటు నవ్వాడు. పిడికిళ్ళు వదిలాను.

తర్వాత తూకాల కాగితాలు ఇచ్చాడు. అధ్యక్షుడు ఒకటి తిప్పి చూశాడు.

"గొర్రెల డాక్టరూ, జవాబు చెప్పు... ఏంటి సార్ ఇది?"

ఆ కాగితం లాక్కుందామని చెయ్యి చాపాను.

"అది ప్రశ్న" అన్నాడు ఆయన. "ఈ పిల్లోడు అడిగినాడు. జవాబు వెనకుండాది."

ఏప్రిల్ 30

ఆర్డరు వచ్చింది. మా మండలంతో పాటు ఇంకో రెండు మండలాల్లో స్కీము రెండేళ్ళు ఆపారు. అంతలోపల అన్ని ఊర్లలో మళ్ళీ తూచాలట, మేలు పిల్లలతో సహా. పట్టకారు లేదు. మిగతా మండలాల్లో మాత్రం ఉంది. దాని మీద కరపత్రం రాయాలి. ముందు ఆయనకు చూపించి, అంకెలు దిద్దించుకుని.

ఆయన పుస్తకం ఐదో అధ్యాయం మళ్ళీ టైపు చేశాను. "నాసిరకం" అన్న వాక్యం తీసేద్దామా అంటే వద్దన్నాడు. దాని కింద ఒక్క వాక్యం చేర్చమన్నాడు: "ఆ రోజు నేను దేని మీద పెట్టి రాసుకున్నానో ఆ గంప ఎత్తి చూడలేదు."

జూన్ 17, ఆదివారం

తొలి వానలు పడ్డాయి. ఆడగొర్రెల మీదికి పోకుండా కరియ పొట్ట కింద కట్టిన గోనెగుడ్డ పొద్దున విప్పి మందలోకి వదిలాం. ఆయన, సుబ్బరత్నమ్మ గారు వచ్చి చూశారు. కొత్త ఊర్లలో తూకాలకు గవర్నమెంటు వాళ్ళు నన్ను పెట్టుకున్నారు. షాపు పని సగం పూటే.

వాళ్ళు వెళ్ళాక అవ్వ మెల్లగా దగ్గరికి వచ్చింది. చుట్టూ చూసింది.

"ఒరే ఓబులేసూ. ఆ పొద్దు మన పిల్ల ఎంత తూగినాదిరా?"

నోరు తెరిచాను. మళ్ళీ మూశాను. లోపలికి పోయి ఆ పిల్లను ఎత్తుకొచ్చి అవ్వ చేతుల్లో పెట్టాను. అప్పటికంటే ఇంకా పెరిగింది, కాళ్ళు కిందికి వేలాడుతున్నాయి. అవ్వ దాన్ని ఒకసారి ఎగరేసి పట్టుకుంది, నవ్వింది, ఇంక అడగలేదు.

ఆ అంకె నాకు గుర్తుంది. ఈ నోటుబుక్కు ఎవరూ చూడరు. అయినా ఇక్కడ రాయను.

ఇది నమ్మకం కాదు. ఊరికే, రాయబుద్ధి కాలేదు.